గోడ మీది ఫార్మసిస్టు

నేను ఈ ఊరి అల్లుణ్ణి. డెబ్బై దాటినా ఆ హోదా పోలేదు. బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాక, మా ఆవిడ పట్టు పట్టడంతో ఆవిడ పుట్టిన ఊరికి వచ్చి స్థిరపడ్డాం. దివిసీమలో, నాగాయలంక నుంచి ఆటోలో వెళ్ళే ఊరు. ఇక్కడ నా ఈడువాళ్ళు నన్ను బావగారూ అంటారు, పెద్దవాళ్ళు అల్లుడుగారూ అంటారు, చిన్నవాళ్ళు మావయ్యగారూ అంటారు. పేరు పెట్టి పిలిచేది పోస్టుమాన్ ఒక్కడే. అదీ కవరు మీద రాసి ఉంటుంది కాబట్టి.

ఊరి అల్లుడికి ఒక సౌకర్యం ఉంది. ఆయన ఏదడిగినా ఎవరూ కాదనరు. ఒక ఇబ్బందీ ఉంది. ఆయన ఏం చేసినా ఎవరూ తిట్టరు. ఈ రెండోది మొదటిదానికంటే ఎంత కష్టమో నాకు ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పటినుంచి డైరీ రాసే అలవాటు ఉంది కనుక, ఎలా తెలిసిందో వరసగా చెప్పగలను.

గుడివాడలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు మా ఆవిడ థైరాయిడు బిళ్ళలు అయిపోయాయి. బస్టాండుకు వెళ్ళే దారిలో ఉన్న ఒక మందుల దుకాణంలో పాత సీసా చూపించాను. కౌంటరు వెనక మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇరవై ఐదు మైక్రోగ్రాములవి లేవండి. వంద ఉంది. అదే మందు, అదే కంపెనీ."

"ఫరవాలేదా?"

"పెద్దది కదండీ. ఇంకా బాగా పనిచేస్తుంది."

నాకూ సబబుగానే తోచింది. ఊరికి తిరిగొచ్చాక మా ఆవిడ రోజూ ఉదయాన్నే ఆ పెద్దది వేసుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు నా డైరీలో ఇలా ఉంది: "ఆవిడ ఆరోగ్యం బాగా మెరుగు. తెల్లవారకముందే లేచి అటక మొత్తం సర్దింది." ఆ తర్వాతి వారంలో ఇలా ఉంది: "మళ్ళీ అటక సర్దింది." చేతులు వణుకుతున్నాయని, గుండె దడదడలాడుతోందని ఆవిడ చెప్పేదాకా, ఇన్నాళ్ళకు ఇల్లు ఒక పద్ధతిలో పడిందని నేను సంతోషిస్తూనే ఉన్నాను. బందరు తీసుకువెళ్తే డాక్టరుగారు సీసా చూసి, మా ఇద్దరినీ చూసి, "ఇంకో నెల వాడి ఉంటే అటక కాదు, ఆస్పత్రి సర్దుకోవలసి వచ్చేది" అన్నారు.

ఆవిడ కోలుకున్నాక మళ్ళీ గుడివాడ వెళ్ళాను. దెబ్బలాడటానికి కాదు. నా సర్వీసులో దెబ్బలాటతో తేలిన ఫైలు ఒక్కటీ లేదు. విషయం తెలుసుకుందామని వెళ్ళాను.

"మీ దుకాణంలో ఫార్మసిస్టు ఎవరండీ?"

"అదిగోండి" అని ఆ మనిషి గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ చూపించాడు. మూలన ఒక కుర్రవాడి ఫొటో ఉంది.

"ఆయన్ని ఒకసారి పిలుస్తారా?"

"ఆయన హైదరాబాదులో సాఫ్ట్‌వేరండీ."

ఇంటికి వచ్చి అర్జీ రాయడానికి కూర్చున్నాను. దేశమంతటికీ సంబంధించిన విషయాల మీద ప్రజలు పంపే అర్జీలను పరిశీలించడానికి పార్లమెంటులో ఒక కమిటీ ఉంటుందని ఉద్యోగంలో ఉన్నప్పుడే తెలుసు. నిబంధనలు తెప్పించుకుని చదివాను. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక అంత హాయిగా చదువుకున్నది మరొకటి లేదు. అర్జీ ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. భాష మర్యాదగా ఉండాలి. ప్రతి సంతకం పక్కన పూర్తి చిరునామా ఉండాలి. చివర ప్రార్థన, అంటే విన్నపం, ఉండాలి. కోరేది ఏమిటో స్పష్టంగా తెలియాలి.

స్పష్టత విషయంలో నేను లోటు చెయ్యలేదు. మూడో పేరాలో ఇలా రాశాను: "గోడకు వేలాడే సర్టిఫికెట్ రోగి చేతికి మందు ఇవ్వలేదు. సర్టిఫికెట్ ఒకచోట, మనిషి మరొకచోట ఉన్న దుకాణాలన్నిటినీ తనిఖీ చేసి, ఫార్మసిస్టు స్వయంగా వచ్చి కూర్చునేవరకు మూసివేయించాలి." ఇంగ్లీషులో ఇది ఇంకా బాగా కుదిరింది. మా ఆవిడకు తెలుగులో చెప్పి వినిపిస్తే, "బాగానే ఉంది గాని, మన తమ్ముడి కొట్టు సంగతేమిటి?" అంది.

ఆవిడ తమ్ముడన్నది సొంత తమ్ముణ్ణి కాదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మందుల కొట్టు యజమానిని. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వీధి. ఆవిణ్ణి అక్కయ్యా అంటాడు కాబట్టి నన్ను బావగారూ అంటాడు. నాకంటే పదేళ్ళు చిన్న. చేలు చూసుకుంటూ, తండ్రి పోయాక ఈ కొట్టు పెట్టుకున్నాడు. ఇల్లు దీనిమీదే గడుస్తుంది. కొట్టులో కౌంటరు వెనక గోడ మీద నాలుగు ఫ్రేములున్నాయి. వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, వాళ్ళ నాన్నగారు, నాలుగోది ఒక ఫార్మసీ సర్టిఫికెట్. దాని మూలన ఒక అమ్మాయి ఫొటో ఉంటుంది. రోజూ కొట్టు తియ్యగానే నాలుగింటికీ అగరొత్తి తిప్పుతాడు. శుక్రవారం నాలుగింటికీ పూలదండ వేస్తాడు.

నేను ఆ బల్ల మీద కూర్చుని రోజూ పేపరు చదువుతాను. ఆ ఫ్రేము నాకు కొత్త కాదు. అయినా మా ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు నవ్వే వచ్చింది.

"ఇది దుకాణాల గురించి" అన్నాను. "వాడిది కొట్టు."

అప్పట్లో అది నాకు జవాబులాగే తోచింది.

సంతకాలకు మొదట అతని దగ్గరికే వెళ్ళాను. ఎక్కువమంది వచ్చే చోటు అదే. కాగితాలు కౌంటరు మీద పెట్టగానే అతను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. సంతకం పెట్టేముందు చదివితే, అడిగినవాళ్ళను అనుమానించినట్టు అవుతుందని మా ఊళ్ళో అందరి అభిప్రాయం. అందులోనూ అడిగింది అల్లుడు.

"ముందు మీరు పెట్టండి బావగారూ. పెద్దవారు."

"లేదు లేదు, ముందు మీరే. మందుల విషయం కదా. ఊళ్ళో మందులిచ్చేది మీరు."

"మీరుండగా నేను ముందేమిటండీ?"

"మీ కొట్టులో కూర్చుని నేను ముందేమిటి?"

పంక్తిలో మొదటి విస్తరి దగ్గర జరిగినట్టు ఇది కాసేపు జరిగింది. చివరికి నేను కలం అతని చేతిలో పెట్టి మూత జేబులో వేసుకున్నాను. మొహమాటపడుతూనే, మొదటి గీత మీద, పూర్తి చిరునామాతో, అందంగా సంతకం చేశాడు. రెండో గీత నాది.

తర్వాత ఆ కాగితాలను కొట్టులోనే ఉంచి, వచ్చిన ప్రతివాళ్ళతో అతనే సంతకం పెట్టించాడు. జ్వరం బిళ్ళకు వచ్చినవాళ్ళు, దగ్గు మందుకు వచ్చినవాళ్ళు, రొయ్యల చెరువు దగ్గర కాలికి గాజుపెంకు గుచ్చుకుని వచ్చినవాళ్ళు.

"ఏమిటండీ ఇది?" అని ఒకాయన అడిగాడు.

"ఢిల్లీకి. మా బావగారు రాశారు."

"రేట్లు తగ్గించమనా?"

"అలాంటిదే."

"అయితే మా ఆవిడ సంతకం కూడా నేనే పెట్టేస్తాను, ఇటివ్వండి."

అది నిబంధనలకు విరుద్ధమని నేను అడ్డుపడవలసి వచ్చింది. వీధి చివరి ముసలమ్మ వేలిముద్ర వేసి, "పెన్షను ఎప్పటినుంచి పెరుగుతుంది అల్లుడుగారూ?" అని అడిగింది. పెన్షను కాదమ్మా అని విషయమంతా వివరించాను. ఓపిగ్గా విని, "సరేలే, పెరిగినప్పుడే చెప్పు" అని వెళ్ళింది.

అర్జీ పంపిన రోజున పెరట్లో ఒక కొబ్బరి మొక్క నాటాను. ఏదో ఒకటి కదులుతూ ఉంటే బాగుంటుందని.

అందినట్టు జవాబు వచ్చింది. తర్వాత చాలాకాలం ఏమీ రాలేదు. మొక్క మోకాలెత్తు దాటాక మరో కవరు వచ్చింది. అర్జీలోని విషయం మీద సంబంధిత మంత్రిత్వశాఖ అభిప్రాయం కోరారట. మందు ఇచ్చేచోట ఫార్మసిస్టు ఉండాలని చట్టం ఎప్పటినుంచో చెబుతూనే ఉందని, దాన్ని అమలు చెయ్యవలసింది రాష్ట్రాలని శాఖ జవాబిచ్చిందట. కమిటీ ఆ జవాబును పరిశీలించి, అమలు గట్టిగా జరిగేట్టు రాష్ట్రాలకు మరోసారి రాయాలని అభిప్రాయపడిందట. అంతటితో అర్జీ మీద చర్య ముగిసింది.

మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ విన్నది. "అంటే ఏమిటండీ?"

"ఉన్న చట్టం ఉందని తేల్చారు."

"అది లేదని ఎవరన్నారు?"

ఆవిడకు ప్రభుత్వ వ్యవహారాలు తెలియవు. ఒక అర్జీ మీద కమిటీ అభిప్రాయపడటమంటే చిన్న విషయం కాదు. నా సర్వీసు మొత్తంలో నా మీద అభిప్రాయపడినవాళ్ళున్నారు గాని, నేను రాసినదాని మీద ఎవరూ లేరు. ఆ సంగతి మా బావమరిదికి తెలుసు. ఉత్తరం చూపించగానే కొట్టు వదిలిపెట్టి బందరు వెళ్ళి లడ్డూలు తెచ్చి ఊరంతా పంచాడు. "మనం గెలిచాం బావగారూ!" అన్నాడు. ఏం గెలిచామని అతనడగలేదు, నేనూ చెప్పలేదు. లడ్డూ నోట్లో ఉంది. ఉత్తరానికి జిరాక్సు తీయించి, ఫ్రేము కట్టించి, కొట్టు గోడకు అయిదోదిగా తగిలించాడు. మర్నాటినుంచి దానికీ అగరొత్తి.

ఆఫీసుల్లో విచారణ ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియనిది కాదు. పైనుంచి కాగితం వస్తుంది. కింద ఉన్నవాడు దాన్ని తిరగేసి, మొదటి చిరునామా ఎవరిదో చూసి, అక్కడికి బయలుదేరతాడు. నా ఉద్యోగకాలమంతా నేనూ అలాగే పంపించాను.

ఆ రోజు నేను కొట్టు బల్ల మీదే ఉన్నాను. మోటారు సైకిలు దిగిన మనిషి చేతిలో ఫైలుంది. ముందు నెమ్మదిగా మాట్లాడాడు. అర్జీ మీద ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి తమ ఆఫీసుకు ఉత్తరం వచ్చిందని, తాను డ్రగ్ ఇనస్పెక్టరునని, అర్జీదారు వాంగ్మూలం తీసుకోవాలని చెప్పాడు.

"మొదటి అర్జీదారు మీరేనాండీ?"

"నేనేనండి!" అన్నాడు మావాడు. "రండి రండి, కూర్చోండి. కూల్‌డ్రింకు తెప్పిస్తాను. మా ఊరికోసం ఇంతదూరం వచ్చారు."

"మందులషాపు మీదేనా?"

"మాదేనండి."

ఇనస్పెక్టరు ఫైలులోకి చూసి, కొట్టు బోర్డు చూసి, మళ్ళీ ఫైలులోకి చూశాడు. "ఫార్మసిస్టు ఎవరండీ?"

మావాడు ఎంతో ప్రసన్నంగా గోడ వైపు చెయ్యి చూపించాడు. ఆ రోజు శుక్రవారం. దండ తాజాగా ఉంది.

"ఆవిడ ఎక్కడ ఉంటారు?"

"గుడివాడలోనండి. మా దూరపు చుట్టాల కోడలు. చాలా మంచి అమ్మాయి."

"ఇక్కడికి వస్తారా?"

"పెళ్ళిళ్ళలో కలుస్తుంటామండి."

ఇనస్పెక్టరు కూల్‌డ్రింకు పక్కన పెట్టి, ఫైలు అతని వైపు తిప్పి, "ఈ మూడో పేరా ఒకసారి చదవండి" అన్నాడు. మావాడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మందుల పేర్లు చదివి చదివి ఇంగ్లీషు బాగానే అలవాటైంది. పెదవులు కదుపుతూ చదివాడు. ఒకసారి తలెత్తి గోడకేసి చూసి, మళ్ళీ చదివాడు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను గాని, అది తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.

"ఇంత బాగా డ్రాఫ్టు చేసిందెవరండీ?" అని అడిగాడు ఇనస్పెక్టరు. వెటకారం కాదు. మెచ్చుకునే అడిగాడు.

"మా బావగారేనండి" అన్నాడు మావాడు. అప్పుడు కూడా ఆ గొంతులో గర్వం తగ్గలేదు.

ఫార్మసిస్టు స్వయంగా హాజరయ్యేవరకు అమ్మకాలు ఆపాలని, లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు రాసిచ్చి, ఇనస్పెక్టరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అయిదో ఫ్రేము దగ్గర ఆగి, జిరాక్సు అంతా చదివి, తల ఊపాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి కొట్లు ఇంకెన్ని ఉన్నాయో ఆయనకు తెలియకపోలేదు. కాని ఆ ఊళ్ళవాళ్ళెవరూ అర్జీ పెట్టలేదు.

షట్టరు దించారు. మా బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని సర్దుకునేవాణ్ణి. కూర్చోవడానికి కొట్టు లేక, మర్నాటినుంచి ఉదయాన్నే మా వసారాలోకి వచ్చి కూర్చునేవాడు. నా పేపరు నాకంటే ముందు చదివేవాడు. కాఫీ తాగి, "అయితే ఇప్పుడేం చేద్దామంటారు బావగారూ?" అని నెమ్మదిగా అడిగేవాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ అదే అడిగేవాడు. ఇల్లు గడవడం ఎలాగని అడగలేదు. వాళ్ళావిడ మాత్రం మా ఆవిడ దగ్గర ఏడ్చిందని తెలిసింది.

ఊరు కూడా మా వసారాకే వచ్చింది. "అల్లుడుగారూ, షుగరు బిళ్ళ ఒకటుందా?" "మావయ్యగారూ, నాగాయలంక వెళ్తున్నారటగా, మా నాన్నకి ఆయాసం మందు తెచ్చిపెడతారా?" రెండు పూటలా ఆటోలో నాగాయలంక వెళ్ళి సంచితో తిరిగి వచ్చేవాణ్ణి. అక్కడి దుకాణంలో కూడా ఫార్మసిస్టు గోడ మీది ఫ్రేములోనే ఉన్నాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని మందులు తీసుకున్నాను.

"ఢిల్లీ దాకా వెళ్ళి, తిరిగి తిరిగి, మా తమ్ముడి షట్టరు మీద పడింది మీ అర్జీ" అంది మా ఆవిడ.

ఇక లాభం లేదని ఒకరోజు నేనూ అతనూ గుడివాడ బయలుదేరాం. ఫొటోలో అమ్మాయికి ఇప్పుడు నలభై దాటాయి. పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. భర్త చేపల మేత వ్యాపారం. మా మాట వినగానే ఆయన నవ్వేశాడు.

"అది జరిగే పని కాదు బాబాయ్. గుడివాడ ఎక్కడ, మీ ఊరెక్కడ? సర్టిఫికెట్లకేం కొదవ? ఇంకొకరిది చూసుకోండి."

"ఇప్పుడు మనిషి కూడా కావాలట అబ్బాయ్."

"మనిషి దొరకడం కష్టమే" అని ఆయన ఒప్పుకున్నాడు.

ఆవిడ కాఫీ గ్లాసులు అందించి గుమ్మం దగ్గర నిలబడింది. "నేను వెళ్తాను" అంది.

భర్త వెనక్కి తిరిగి చూశాడు. "ఎక్కడికి?"

"నా ఉద్యోగానికి. పెళ్ళైన నెలలోనే నా సర్టిఫికెట్ ఉద్యోగంలో చేరింది. నేనే ఇంకా చేరలేదు."

"అక్కడ దోమలు."

"గుడివాడలో లేవా?"

"రోజూ బస్సులేమిటి?"

"మా అమ్మావాళ్ళది మోపిదేవి. వారమంతా అక్కడినుంచి వెళ్ళి వస్తాను. ఆదివారం ఇక్కడికి వస్తాను. మీకు చేపల మేత తప్ప ఇంకేం తెలియదు, ఆ ఆరు రోజులూ వంట నేర్చుకోండి."

ఆయన మా ఇద్దరి వంక చూశాడు. మేమిద్దరం కాఫీ వంక చూశాం.

ఆ వారంలోనే ఆవిడ వచ్చింది. ఇనస్పెక్టరు ఎదుట హాజరైంది. ఇకముందు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించి అమ్మకాలకు అనుమతి ఇచ్చారు. కొట్టు తీసిన ఉదయం ఊరంతా వచ్చింది, మందులకు కొందరు, చూడటానికి చాలామంది. కౌంటరు వెనక తెల్లకోటు వేసుకుని ఆవిడ నిలబడి ఉంది. వెనక గోడ మీద పూలదండతో ఆవిడే ఉంది. వీధి చివరి ముసలమ్మ మెట్టెక్కి, కౌంటరుకేసి ఒకసారి, గోడకేసి ఒకసారి చూసి, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఏమ్మా, నువ్వు బతికే ఉన్నావా?"

"ఉన్నానండీ."

"మరి దండ వేశాడేమిటి వీడు? ఎన్నేళ్ళనుంచో అయ్యో పాపం చిన్నపిల్ల అనుకుంటున్నానే! ఒరేయ్, ముందా దండ తియ్!"

మా బావమరిది స్టూలు ఎక్కి దండ తీశాడు. ఏం చెయ్యాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి వాళ్ళ నాన్నగారి ఫొటోకి రెండో దండగా వేశాడు.

నా అర్జీ పూర్తిగా నెరవేరిందని ఆ పూట డైరీలో రాసుకున్నాను. నెరవేరడమంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాం. ఇదివరకు ఒళ్ళునొప్పులని వస్తే, మావాడు మూడు రంగుల బిళ్ళలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఏ రంగు ఎందుకో అతనికీ తెలియదు, వాళ్ళకీ అక్కర్లేదు. ఆవిడ పొట్లాలు కట్టడం మానేసింది. డాక్టరు రాసిన చీటీ ఏదని అడిగింది. తేదీ దాటిన మందులన్నీ తీసి అట్టపెట్టెలో వేసింది. జలుబుకు ఘాటైన మందు కావాలని వచ్చినవాళ్ళకు వేడినీళ్ళు తాగమంది.

"వేడినీళ్ళు మా ఇంట్లో లేవా? దానికి చదువుకున్న మనిషి ఎందుకు?" అని గొణుక్కుంటూ జనం ఆటోలు ఎక్కి నాగాయలంక వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ గోడ మీది మనిషి ఏమీ అడగడు.

నా వంతు కూడా వచ్చింది. బీపీ బిళ్ళలకు పాత చీటీ ఇచ్చాను. మడతల దగ్గర చిరిగి, వెనక ప్లాస్టరు అంటించి ఉంది.

"ఈ చీటీ రాసిన డాక్టరుగారు ఎక్కడుంటారంకుల్?"

"ఆయన పోయారమ్మా. చాలా మంచివారు."

"అయితే కొత్తది రాయించుకోవాలి."

"అమ్మా, ఇవే బిళ్ళలు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నాను. నేను ఇదే ఊరివాణ్ణి."

"మూడో పేరా మీరే రాశారట కదా" అంది. ముఖంలో నవ్వు లేదు గాని, కళ్ళలో కొంచెం ఉన్నట్టే అనిపించింది.

బస్సెక్కి బందరు వెళ్ళాను. అక్కడి డాక్టరుగారు బీపీ చూసి, పాత చీటీ పక్కన పెట్టుకుని, అవే బిళ్ళలు అదే వరసలో కొత్త కాగితం మీద రాసిచ్చారు. కొట్టుకు తెచ్చి ఇస్తే, ఆ కాగితాన్ని మా ఫార్మసిస్టు కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది.

కొట్టులో బేరాలు సగానికి పడిపోయాయి. తర్వాత కొద్దికొద్దిగా లేచాయి. నాగాయలంక ఆటో చార్జీ కూడా పెరిగింది లెండి. ఆవిడ ఆడవాళ్ళను లోపలి బల్ల మీద కూర్చోబెట్టి, ఏ బిళ్ళ తిండికి ముందో ఏది తర్వాతో నెమ్మదిగా చెబుతుందని మా ఆవిడ వచ్చి చెప్పింది. మా ఆవిడ థైరాయిడు సీసా మీద ఆ అమ్మాయే పెద్ద అక్షరాలతో ఇరవై ఐదు అని రాసిపెట్టింది. అటక మళ్ళీ ఎప్పటిలాగే అయింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా బావమరిది చేతిలో తెల్లకాగితాలతో మా వసారాలోకి వచ్చాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత చెప్పాడు. ఊళ్ళో అందరూ అడుగుతున్నారట. చిన్న ఊళ్ళకు మినహాయింపు ఇవ్వాలట. ఫార్మసిస్టు వారానికి ఒక్కరోజు వచ్చిపోతే చాలని ఢిల్లీ కమిటీకి ఇంకో అర్జీ పెట్టాలట.

"మీరే డ్రాఫ్టు చెయ్యాలి బావగారూ."

"మొదటి అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళేనా ఈ అందరూ?"

"వాళ్ళేనండి."

"అది దీనికి పూర్తిగా వ్యతిరేకం కదయ్యా!"

"అది దుకాణాలకండీ" అన్నాడు. "మనది కొట్టు."

నేను ఆ తెల్లకాగితాలు అందుకున్నాను.

"మీకు ఇది కావాలా?" అని అడిగాను.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకేం అక్కర్లేదు బావగారూ. ఇప్పుడెవరైనా వచ్చి ఫార్మసిస్టు ఏరీ అంటే గోడకేసి చూడక్కర్లేదు, హాయిగా ఉంది. కాని అందరూ వచ్చి అడుగుతుంటే ఎలా కాదంటాం?"

నేనూ కాదనలేదు. అడిగింది బావమరిది. ఆ రాతలో కూడా లోటు చెయ్యలేదు. భాష మర్యాదగా ఉంది, చివర ప్రార్థన ఉంది. అయితే పంపేముందు ఆవిడకు చెప్పడం న్యాయమనిపించి, ఇద్దరం కాగితాలు తీసుకుని కొట్టుకు వెళ్ళాం. ఆవిడ కౌంటరు దగ్గర చేతులు తుడుచుకుని, మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆ కాగితాన్ని ఊళ్ళో చదివింది ఆవిడ ఒక్కతే.

"ఇది ఒప్పుకుంటే నేను మళ్ళీ గోడ మీదికే" అంది.

"అవునమ్మా."

"తేలడానికి ఎంతకాలం పడుతుంది మావయ్యగారూ?"

అంకుల్ పోయి మావయ్య ఎప్పుడొచ్చాడో నేను గమనించలేదు. పాత డైరీలు తలచుకున్నాను. ఆ అర్జీతో పాటు నాటిన కొబ్బరి మొక్క, ఇనస్పెక్టరు వచ్చేసరికి నా నడుమెత్తు దాటింది. ఇప్పుడు దాని కింద కుర్చీ వేసుకుంటున్నాను. అదే చెప్పాను.

"ముందు అందినట్టు జవాబు వస్తుంది. తర్వాత శాఖ అభిప్రాయం. తర్వాత కమిటీ అభిప్రాయం. చివరికి చట్టం ఉందని తేలుతుంది."

"అయితే పెట్టేస్తాను" అంది. "రోజంతా బాబాయ్ మొహం చూస్తూ కూర్చోవాలి. కాదంటే బాగుండదు."

మా బావమరిది కలం మూత తీసి, ఎప్పటిలాగే నా వైపు చాపాడు. "ముందు మీరు బావగారూ. పెద్దవారు." లేదు లేదు ముందు మీరే అని నేను అంటానని చూస్తూ, అప్పుడే వద్దనడానికి చెయ్యి ఎత్తి ఉంచాడు.

నేను ఆ మాట అనలేదు. కలం తీసుకుని మొదటి గీత మీద సంతకం పెట్టి, మా ఇంటి చిరునామా పూర్తిగా, ఎవరైనా దారి అడగనక్కర్లేకుండా రాశాను. మోటారు సైకిలు మీద మళ్ళీ ఎవరొచ్చినా ముందు మా వసారాకే వస్తారు. మా గోడకు పెళ్ళినాటి ఫొటో తప్ప వేరే ఫ్రేము లేదు. అందులో ఉన్నవాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉంటారు.